యుద్ధ సినిమాలో గుర్రపు దండును ఎలా చూడాలి: ముందు గుర్రం, ఆ తర్వాతే కత్తి

యుద్ధ సినిమాలో గుర్రపు దండు దాడికి కదిలిందంటే మా మిత్రుల కళ్లు కత్తుల మీదకీ, టోపీల మీదకీ, యూనిఫాం గుండీల మీదకీ పోతాయి. సినిమా అయ్యాక వాదనలూ వాటి మీదే. ఫలానా ఏడాదికి ఆ కత్తి ఇంకా రాలేదని ఒకరు, ఆ గుండీ ఆ రెజిమెంటుది కాదని ఇంకొకరు. అవన్నీ కావలసినవే. కానీ ఈ ఆసక్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను ముందు గుర్రాన్ని చూడమని చెబుతాను. చాలాకాలం గుర్రపుశాలలో పనిచేసి, ఇప్పుడు పాత జీనులు, తోలు సామాను బాగుచేస్తున్న నాకు ఒక సంగతి గట్టిగా తెలుసు. అశ్వికదళం వాడిన ప్రతి వస్తువూ, పాటించిన ప్రతి నియమమూ గుర్రం ఎంత మోయగలదు, ఎంతసేపు పరిగెత్తగలదు, దేనికి బెదురుతుంది అన్న లెక్కల్లోంచే పుట్టింది. ఆ లెక్క తెలిస్తే కత్తి ఎందుకలా ఉందో, జీను మధ్యలో సందు ఎందుకుందో వాటంతటవే అర్థమవుతాయి.

సౌండ్ ఆపేసి వేగం చూడండి

దాడి సీన్‌ను మొదటిసారి సౌండ్ లేకుండా చూడండి. సంగీతమూ డెక్కల చప్పుడూ కలిసి మనల్ని ఊపేస్తాయి, కళ్ల ముందున్నది సరిగ్గా కనబడనివ్వవు. చప్పుడు లేకపోతే గుర్రాలు నిజంగా ఎంత వేగంగా వస్తున్నాయో, వరుస ఎంత నిలబడిందో తెలుస్తుంది.

సైన్యంలో గుర్రం మామూలు నడకలో గంటకు సుమారు 6 కిలోమీటర్లు, ట్రాట్ అనే చిన్న పరుగులో 13, గ్యాలప్ అనే దౌడులో 24 కిలోమీటర్లు పోయేది. ఆఖరి పరుగు అంతకంటే ఎక్కువే. అసలు దాడి అంటే ఈ వేగాలను ఒకదాని తర్వాత ఒకటి పొదుపుగా ఖర్చుపెట్టడం. మొదటినుంచీ గ్యాలప్‌లో వెళ్తే రెండు నష్టాలు. శత్రువును చేరేసరికి గుర్రాలకు ఊపిరి అందదు. అంతకంటే ముఖ్యంగా వరుస చెదిరిపోతుంది. బలమైన గుర్రాలు ముందుకు దూసుకుపోతాయి, మిగతావి వెనకబడతాయి. అప్పుడు గోడలా వచ్చి తాకాల్సిన దండు ఒక్కొక్కటిగా వచ్చిపడుతుంది. అందుకే రౌతులు మోకాలికి మోకాలు ఆనించుకుని, పక్కవాడిని చూసుకుంటూ కదలాలని శిక్షణలో అంతగా నూరిపోసేవారు.

1854 అక్టోబరు 25న క్రిమియాలోని బాలాక్లావాలో రష్యన్ల మీద బ్రిటిష్ లైట్ బ్రిగేడ్ చేసిన దాడినే తీసుకోండి. సుమారు 670 మంది, రెండు కిలోమీటర్ల లోయ, ఎదురుగానూ రెండు పక్కలా ఫిరంగులు. అంత మంటలోనూ వాళ్లు నడకతో మొదలుపెట్టి ట్రాట్‌లోకి వెళ్లారు. పక్కనున్నవాళ్లు కూలుతుంటే తొందరపడి ముందుకు తోసుకొచ్చిన ఒక అధికారికి బ్రిగేడ్ నాయకుడు లార్డ్ కార్డిగన్ తన కత్తి అడ్డం పెట్టి వేగం తగ్గించమన్నాడు. ఆ కొద్ది నిమిషాల్లో వంద మందికి పైగా మనుషులు, 300కు పైగా గుర్రాలు పోయాయి. సినిమాలో దాన్ని మొదటి అడుగు నుంచీ దౌడుగా చూపిస్తే ఆ ఘట్టంలోని అసలు భయంకరత్వమే తప్పిపోయినట్టు. గుండ్లు పడుతున్న చోట గుర్రాన్ని నడిపించడం ఎంత కష్టమో గుర్రం ఎక్కినవాళ్లకే తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలోని బీర్షెబా. 1917 అక్టోబరు 31న సాయంత్రం ఆస్ట్రేలియా లైట్ హార్స్ సైనికులు 800 మంది దాకా ఆ ఊరి మీదకు దాడి చేశారు. చాలా గుర్రాలకు ఒక రోజుకు పైగా నీళ్లు లేవు, బావులేమో ఊళ్లో ఉన్నాయి. పొద్దు వాలుతోంది. కొన్ని కిలోమీటర్ల బయలు దాటాలి. అక్కడ వాళ్లు మామూలు లెక్క పక్కనపెట్టి త్వరగానే గ్యాలప్ అందుకున్నారు, వరుసల మధ్య ఎడం కూడా బాగా ఉంచారు. టర్కీ సైనికులకు తుపాకుల గురిదూరం తగ్గించుకునే వ్యవధి దొరకలేదు. దాడి తర్వాత దొరికిన తుపాకుల్లో చాలావాటి గురి పలకలు ఇంకా దూరపు గురికే పెట్టి ఉన్నాయి. ఆస్ట్రేలియన్లలో చనిపోయినవాళ్లు 31 మంది. వాళ్ల దగ్గర కత్తులు లేవు, తుపాకి కొసకు తగిలించే బాకులను, అంటే బాయ్‌నెట్లను చేత్తో పట్టుకుని వెళ్లారు. కాబట్టి బీర్షెబా సినిమాలో దౌడు ముందుగా మొదలైతే తప్పు పట్టకండి. ఆ చేతుల్లో పొడవాటి కత్తులు కనిపిస్తే మాత్రం తప్పకుండా అడగండి.

రౌతు చేతులు, కాళ్లు

రెండోసారి చూసేటప్పుడు ఒకే ఒక రౌతును ఎంచుకుని అతన్నే చూడండి. పగ్గాలు ఎడమ చేతిలో ఉన్నాయా? కుడి చెయ్యి ఆయుధానిది, కాబట్టి గుర్రాన్ని ఒంటి చేత్తో, మోకాళ్లతో, ఒంటి బరువుతో నడపాల్సిందే. సినిమాల్లో కొందరు నటులు రెండు చేతులతో పగ్గాలు పట్టుకుని, కత్తిని కూడా అదే పిడికిట్లో ఇరికించుకుని వస్తుంటారు. అక్కడ అతను సరిగా నేర్చుకోలేదని తెలిసిపోతుంది. ఎడమ వైపు నుంచే గుర్రం ఎక్కడం కూడా ఇలాంటిదే. కత్తి ఒర ఎడమ నడుముకు వేలాడుతుంది. కుడి నుంచి ఎక్కబోతే అది కాళ్లకు అడ్డం పడుతుంది.

ఆ తర్వాత కూర్చున్న తీరు. రికాబులు పొట్టిగా బిగించి, ముందుకు వంగి, సీటు మీద నుంచి కాస్త లేచి పరిగెత్తించే పద్ధతి 1900 ప్రాంతంలో ఇటలీ అశ్వికదళ అధికారి ఫెడరికో కాప్రిల్లి నేర్పింది. అంతకుముందు సైనికులు రికాబులు పొడుగ్గా వదిలి, కాళ్లు దాదాపు నిటారుగా పెట్టి, జీనులో బరువుగా కూర్చునేవారు. నెపోలియన్ కాలపు సినిమాలో రౌతులంతా ఇవాళ్టి పందెపు రౌతుల్లా వంగి ఉంటే ఆ సీన్ వందేళ్లు ముందుకు వచ్చేసినట్టే. ఎన్ని గుండీలు సరిగ్గా కుట్టినా ఇది దాగదు. నాకు బట్టల తప్పులకంటే ఈ తప్పే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు.

కత్తి పిడికి వేలాడే చిన్న తోలు ఉచ్చు కనిపిస్తోందేమో కూడా చూడండి. దాన్ని మణికట్టుకు తగిలించుకుంటారు. పిడి చెయ్యి జారినా కత్తి కింద పడదు. కత్తిని అలా వేలాడనిచ్చి చేత్తో పిస్తోలు తీయవచ్చు, పగ్గాలు సరిచేసుకోవచ్చు. దాన్ని అలంకారం కోసం వదిలేసి, మణికట్టుకు తగిలించుకోకుండానే దూసుకుపోతున్న రౌతు కనిపిస్తే ఆ సన్నివేశానికి సలహా ఇచ్చినవాళ్లు గుర్రం మీద యుద్ధం గురించి ఆలోచించలేదని నేను అనుకుంటాను.

గుర్రం మనుషుల గోడను గుద్దుకోదు

చాలా సినిమాల్లో గుర్రాలు నేరుగా సైనికుల వరుసలోకి దూకి తొక్కుకుంటూ పోతాయి. చెదిరి పారిపోతున్న మనుషుల మీదకైతే అది నిజమే. కదలకుండా నిలబడి బాయ్‌నెట్లు చాచిన కాల్బలం మీదకు మాత్రం గుర్రం పోదు. ఆగిపోతుంది, లేదా పక్కకు తిరిగిపోతుంది. చదరంగా నిలబడే వ్యూహం బలమంతా గుర్రం స్వభావం మీదే ఆధారపడింది. 1815లో వాటర్లూలో ఫ్రెంచి అశ్వికదళం బ్రిటిష్, వాళ్ల మిత్రసైన్యాల చదరాల చుట్టూ గంటల తరబడి తిరిగింది, ఒక్కదాన్నీ పగలగొట్టలేకపోయింది.

మరి చదరం ఎప్పుడైనా పగిలిందా అంటే, 1812 జులై 23న స్పెయిన్‌లోని గార్సియా హెర్నాండెజ్ దగ్గర ఒక ఫ్రెంచి చదరం పగిలింది. ఎలా పగిలిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బ్రిటిష్ సైన్యంలోని జర్మన్ దళమైన కింగ్స్ జర్మన్ లీజియన్ డ్రాగూన్ల (రౌతుల) గుర్రం ఒకటి చావుదెబ్బ తిని, ఆగే శక్తి లేక, నేరుగా బాయ్‌నెట్ల మీద కూలి కాళ్లు కొట్టుకుంది. ఆ సందులోంచి మిగతావాళ్లు లోపలికి చొచ్చుకుపోయారు. ప్రాణమున్న గుర్రం చేయని పని చచ్చిపోతున్న గుర్రం చేసింది.

చదరాలను తెరమీద చూడాలంటే 1970లో వచ్చిన ‘వాటర్లూ’ చూడండి. సెర్గీ బొండార్చుక్ దాన్ని ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్ దగ్గర తీశాడు. సోవియట్ సైన్యం వేల మంది సైనికుల్ని, గుర్రపు దళాన్ని ఇచ్చింది. పైనుంచి తీసిన షాట్లలో చదరాల మధ్య సందుల్లోంచి గుర్రాలు నీళ్లలా పారుతూ పోవడం కనిపిస్తుంది. ఆ దృశ్యం ఆపి ఆపి చూడండి. కంప్యూటర్‌తో గుర్రాలను పెంచిన ఈ కాలపు సీన్లలో అన్నీ ఒకే దిక్కుకు ఒకేలా పరిగెత్తుతాయి. ఇక్కడ ఒకటి బెదిరి వెనక్కి లాగుతుంది, ఇంకొకటి పక్కదాన్ని ఒరుసుకుంటుంది, మరొకటి రౌతు మాట వినదు.

పడిపోయే గుర్రాన్ని తప్పకుండా చూడండి

ఈ భాగం చదవడానికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. పాత హాలీవుడ్ సినిమాల్లో పరిగెత్తే గుర్రం ఉన్నట్టుండి ముందుకు మొగ్గ వేసి పడితే అది చాలాసార్లు నటన కాదు. ముందు కాళ్లకు తీగలు కట్టి, పొట్ట పట్టీకున్న రింగులోంచి తీసి, రెండో కొసను భూమిలో గట్టిగా పాతేవారు. తీగ పొడవు అయిపోగానే కాళ్లు కిందనుంచి లాగేసినట్టవుతుంది. 1936లో వచ్చిన ‘ద ఛార్జ్ ఆఫ్ ద లైట్ బ్రిగేడ్’ చిత్రీకరణలో ఇలా చాలా గుర్రాలు చచ్చిపోయాయి. 1939లో ‘జెస్సీ జేమ్స్’ కోసం కొండ మీద నుంచి దూకించిన గుర్రం చావడంతో జనం కోపం ఇంకా పెరిగింది. 1940 నుంచి జంతువుల సంరక్షణ సంస్థ అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ హాలీవుడ్ షూటింగుల మీద కన్నేసి ఉంచడం మొదలుపెట్టింది.

తేడా ఎలా గుర్తించాలంటే, మెడ చూడండి. పడటం నేర్పిన గుర్రం తల ముందుగా ఒక పక్కకు తిరుగుతుంది, రౌతు ఆ వైపు పగ్గం లాగుతాడు, గుర్రం భుజం మీద పక్కకు ఒరిగి పడుతుంది. అక్కడి నేల ముందే తవ్వి మెత్తగా చేసి ఉంటుంది, దుమ్ము కాస్త ఎక్కువ లేస్తుంది. తీగ కట్టిన గుర్రానికి ఏ హెచ్చరికా ఉండదు. తల నిటారుగా ఉండగానే ముందు కాళ్లు మాయమవుతాయి, మెడ శరీరం కిందికి పోతుంది. ఒకసారి ఈ తేడా కంటికి అలవాటయ్యాక పాత సినిమాల్లోని కొన్ని దాడి దృశ్యాలను మెచ్చుకోవడం నావల్ల కాదు. మీరూ మెచ్చుకునే ముందు ఒక్కసారి మెడ చూడండి.

రంగు, తేదీ, పుకారు

గుర్రం రంగు కూడా సాక్ష్యమే. బ్రిటిష్ అశ్వికదళంలో బూరలు ఊదేవాళ్లకు తెల్లగా కనిపించే బూడిదరంగు గుర్రాలు ఇచ్చేవారు, గుంపులో అధికారికి తొందరగా కనబడాలని. స్కాట్స్ గ్రేస్ రెజిమెంటులో గుర్రాలన్నీ అదే రంగు. అయితే 1914లో ఫ్రాన్సు చేరాక ఆ తెలుపు దూరానికి మరీ కొట్టొచ్చినట్టు కనబడుతోందని వాటికి రంగు పూసి గోధుమరంగులోకి మార్చారు. మొదటి ప్రపంచ యుద్ధం సినిమాలో ఆ రెజిమెంటు మెరిసే తెల్ల గుర్రాల మీద వస్తే అడగాల్సిన ప్రశ్న అదే.

పోలండ్ రౌతులు 1939లో ఈటెలతో జర్మన్ ట్యాంకుల మీదకు దూకారన్న కథ ఏ చర్చలోనైనా వచ్చి తీరుతుంది. దాన్ని నెమ్మదిగా సరిదిద్దండి. సెప్టెంబరు 1న క్రోయాంటీ దగ్గర 18వ ఉలాన్ (ఈటెల రౌతుల) రెజిమెంటు దాడి చేసింది జర్మన్ కాల్బలం మీద, అది చెదిరిపోయింది కూడా. తర్వాత సాయుధ వాహనాలు వచ్చి మెషిన్ గన్లతో కాల్చడంతో రౌతులు నష్టపోయారు. అదే రోజు మోక్రా దగ్గర వొలీన్ అశ్విక బ్రిగేడ్ గుర్రాలు దిగి, ట్యాంకు నిరోధక ఫిరంగులతో జర్మన్ల 4వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌ను నిలువరించింది. అప్పటికి చాలా సైన్యాల్లో గుర్రం అంటే యుద్ధస్థలానికి చేర్చే వాహనం, పోరాటం నేల మీదే. ఎదుటివైపున్న జర్మన్ సైన్యం 1941లో రష్యా మీదకు వెళ్లినప్పుడు 6 లక్షలకు పైగా గుర్రాలను వెంట తీసుకుపోయింది. సినిమాల్లో వాళ్ల ట్యాంకులే కనబడతాయి, ఫిరంగులు లాగే గుర్రాలు కనబడవు.

పాత జీను చేతికొస్తే

ఇక అసలు సామాను. ప్రదర్శనలోనో, సేకరించే మిత్రుడి దగ్గరో పాత సైనిక జీను చేతికొస్తే దాన్ని ముందు తిరగేయండి. పైభాగం పాలిష్ పట్టి ఉంటుంది, కింది భాగం నిజం చెబుతుంది. గుర్రం వెన్నుపూసకు ఇరువైపులా బరువు ఆనాలి, మధ్యలో మాత్రం ఏదీ తగలకూడదు. అందుకే ప్రతి మంచి జీనులోనూ వెన్ను పొడవునా ఖాళీ ఉంటుంది. అమెరికా సైన్యం 1859లో తీసుకున్న మెక్‌లెలన్ జీనులో ఆ ఖాళీ పైనుంచే కనబడుతుంది, చెక్క చట్రం మధ్య పొడుగ్గా సందు. బ్రిటిష్ యూనివర్సల్ జీనులో పక్కల పలకలు వీపు పొడవునా సాగి బరువును పంచుతాయి. రౌతు, ఆయుధం, దుప్పటి, మేత కలిపి 110 కిలోలు దాటే బరువు ఒక చిన్న చోట నొక్కితే రెండు రోజుల్లో వీపు పుండు పడుతుంది. వీపు పుండైన గుర్రం దండుకు లేనట్టే. 1899 నుంచి 1902 దాకా సాగిన దక్షిణాఫ్రికా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం 3 లక్షలకు పైగా గుర్రాలను పోగొట్టుకుంది. వాటిలో ఎక్కువ భాగం తూటాలకు కాదు, అలసటకు, ఆకలికి, రోగాలకు బలయ్యాయి.

ఇప్పుడు రెండు రికాబు పట్టీలూ విప్పి పక్కపక్కన పెట్టి కొలవండి. బాగా వాడిన జీనైతే ఎడమ పట్టీ కాస్త పొడుగు ఉంటుంది. ఎక్కేటప్పుడు మనిషి బరువంతా దాని మీదే పడి తోలు సాగుతుంది. జాగ్రత్త ఉన్నవాళ్లు అప్పుడప్పుడు పట్టీలు అటుదిటు, ఇటుదటు మార్చేవారు. అప్పుడు రెండూ సమానంగా సాగి, రంధ్రాలు రెండింట్లోనూ గుడ్డు ఆకారంలోకి మారి ఉంటాయి. రెండు పట్టీలూ ఒకే పొడవు, రంధ్రాలు గుండ్రంగా కొత్తగా ఉంటే అది వాడని జీను అయినా అయి ఉండాలి, లేదా పట్టీలు తర్వాత వేసినవైనా అయి ఉండాలి. నాకు జీనులో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఎవరో పేరు తెలియని సైనికుడు రోజూ ఎక్కిన గుర్తు అక్కడ తప్ప ఇంకెక్కడా అంత స్పష్టంగా కనబడదు.

ముద్రలు తర్వాత చూడండి. బ్రిటిష్ ప్రభుత్వ సామాను మీద బాణం గుర్తు ఉంటుంది, చాలావాటి మీద తయారీదారు పేరు, సంవత్సరం కూడా కొట్టి ఉంటాయి. వేలితో రుద్దకండి, లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే అక్షరాలు లేచి కనబడతాయి. తోలు వేలికి ఎర్రటి పొడిగా అంటుకుంటే అది లోపల కుళ్లిపోతున్నట్టు. అలాంటిదాన్ని వంచకండి, నూనె పోయకండి, బూటు పాలిష్ అసలే వద్దు. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి కుట్లు తెగిపోతాయి. మామూలు స్థితిలో ఉన్న తోలుకు కూడా పొడి మెత్తటి బ్రష్, నీడ, గాలి చాలు. జీనును మేకుకు వేలాడదీయకుండా వెన్ను ఆకారంలో ఉన్న స్టాండు మీద ఉంచాలి.

కత్తి విషయం త్వరగా చెప్తాను. 1796 నమూనా బ్రిటిష్ తేలిక అశ్వికదళ కత్తి బాగా వంపు తిరిగి, నరకడానికి. 1908 నమూనా కత్తి నిటారుగా, సన్నగా, కేవలం పొడవడానికి, చెయ్యి చాచి గుర్రం వేగాన్ని మొనలో పెట్టడానికి. రష్యా రౌతులైన కోసాక్కుల కత్తి షాష్కాకు చేతికి అడ్డుకవచమే ఉండదు. సినిమాలో ఈ కత్తుల్ని పట్టుకున్నవాళ్లు ఏ కదలిక చేస్తున్నారో చూడండి. 1908 కత్తితో గాల్లో నరుకుతుంటే ఆ నటుడికి ఎవరూ చెప్పలేదన్నమాట. రొమ్ము కవచాల గురించి సందేహం ఉంటే పారిస్ సైనిక మ్యూజియంలో ఉన్న అంటోయిన్ ఫోవో కవచం ఫోటో చూడండి. వాటర్లూలో చనిపోయిన ఆ ఫ్రెంచి కారబినీర్ (కవచం తొడిగే బరువు అశ్వికదళ రౌతు) కవచానికి కుడి రొమ్ము మీద ఫిరంగి గుండు వేసిన పెద్ద రంధ్రం ఉంటుంది, అది వెనకనుంచి కూడా బయటికి వెళ్లింది. కవచం కత్తుల కోసం, బాయ్‌నెట్ల కోసం.

కత్తిని చూపించమని అడిగితే నూలు చేతితొడుగులు వేసుకోండి, చేతి చెమట ఉక్కు మీద తుప్పు గుర్తులు వేస్తుంది. సొంత కత్తి అయితే తోలు ఒరలో ఉంచి మర్చిపోవద్దు. తోలు తేమ పట్టుకుని అలుగును తింటుంది. అలుగును తుడిచి, సన్నగా మైనం పూసి, ఒరను పక్కన విడిగా పెట్టండి. పాత గీతలు, మచ్చలు అరగదీసి మెరిపించే పని ఎప్పుడూ చేయకండి. ఆయుధాలు ఉంచుకోవడానికి మీరున్న చోట ఏ చట్టం వర్తిస్తుందో ముందే కనుక్కోండి.